బీర్‌గంజ్ దాకా వాసన రాకూడదు

నేపాల్ వెళ్ళొచ్చానని చెప్పగానే తిరువూరులో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, మంచు కొండలు కనిపించాయా అని. కనిపించలేదు. నేను చూసిన నేపాల్ అరచేయిలా చదునుగా ఉంది. ఎండ మన గంపలగూడెం రోడ్డు మీద ఉన్నంత ఉంది, దుమ్ము ఇంకాస్త ఎక్కువే ఉంది. రెండో ప్రశ్న, విమానంలోనా అని. లారీలో అని చెప్పాక మూడో ప్రశ్న ఎవరూ అడగలేదు.

నేను విశాఖపట్నంలో అంతర్జాతీయ వ్యాపారం మీద మాస్టర్స్ చదువుతున్నాను. ఆఖరి ఏడాది ప్రాజెక్టు కింద ప్రతి ఒక్కరూ ఒక సరుకుని దేశం దాటించే పద్ధతి రాయాలి. మా క్లాసులో చాలామంది హాస్టల్ గదిలోంచి కదలకుండానే జపాన్‌కి రొయ్యలు పంపేశారు. మా సార్ వాటికి మంచి మార్కులే వేశారు. నాకు మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది. మా అబ్బాకి, అంటే మా నాన్న మస్తాన్‌కి, సొంత లారీ ఉంది. మా అబ్బా స్నేహితుడికి మామిడి తోట ఉంది. నేను వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చి, నా ప్రాజెక్టు ఏంటో ఇద్దరి ముందూ నోరు జారాను.

ఆ స్నేహితుడు పెనుగొలను సుబ్బారావు బాబాయి. తోట కౌలుది, కష్టం ఆయనది. ఏటా కాయ కోసి మార్కెట్ యార్డుకి తోలతాడు. అక్కడ కొనేవాడూ దళారీ చేతుల మీద తువ్వాలు కప్పుకుని దాని కింద వేళ్ళు పట్టుకుని బేరం తేలుస్తారు. రైతు అవతల నిలబడి ఉంటాడు. తువ్వాలు తీశాక దళారి వచ్చి, ఇదీ నీ ధర అని చెబుతాడు. బాబాయి జుట్టు నెరిసేదాకా ఇలాగే జరిగింది.

"ఒక్కసారి నా కాయకి నేను ధర చెప్పాలమ్మా నసీమా," అన్నాడు బాబాయి, నా ప్రాజెక్టు సంగతంతా విని. "కొంటారా, కొనరా, అది తర్వాత సంగతి. ఎంతకిస్తావయ్యా అని నన్నడగాలి, నేను చెప్పాలి. అంతే."

నా క్లాస్‌మేటు ఒకమ్మాయిది బీహార్. వాళ్ళ బంధువుల ద్వారా సరిహద్దు అవతల బీర్‌గంజ్‌లో పళ్ళ వ్యాపారం చేసే ఒకావిడ దొరికింది. ఒప్పందం ఫోనులోనే అయిపోయింది. మొదటి లోడుకి ధర ఆవిడది. కాయ గట్టిగా, మచ్చ లేకుండా చేరితే ఈ సీజన్లో మిగతా లోడ్లకి ధర బాబాయి చెప్పాలి. మెత్తబడి చేరితే మళ్ళీ ఫోను చెయ్యొద్దు. ఈ ఆఖరి ముక్క ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది.

తిరువూరు

బంగినపల్లి కాయ, అట్టపెట్టెకి పది కిలోలు. కాయితాల్లో ఎంత రాస్తే పెట్టెలో అంతే ఉండాలని తోటలో కూలీలందరికీ క్లాసు పీకాను. తూకం దగ్గర నేనే నిలబడ్డాను. తూకాలన్నీ అయ్యాక, పెట్టెలకి టేపు వేసే ముందు ఒక్కసారి అన్నానికి ఇంటికి వెళ్ళొచ్చాను.

లారీ ముందు అద్దం మీద మా అబ్బా ఎప్పుడో అంటించిన 786 ఉంటుంది. బయలుదేరే ముందు బాబాయి దాని పక్కన నెమలి ఊరి వేణుగోపాలస్వామి ఫోటో పెట్టి దండ వేశాడు. దండ పెద్దది.

"స్వామిని కొంచెం పక్కకి జరుపు సుబ్బారావూ," అన్నాడు అబ్బా. "నాకు రోడ్డు కనపడాలి."

సరుకు పాడైతే ఆ నష్టం ఎక్కడిదాకా అమ్మేవాడిది, ఎక్కణ్ణించి కొనేవాడిది అనేది మా కోర్సులో పెద్ద పాఠం. దాని మీద నేను సెమినారు కూడా ఇచ్చాను. మా ఒప్పందం ప్రకారం బీర్‌గంజ్ గోడౌను గుమ్మం దాకా నష్టమంతా బాబాయిది. ఆ మనిషి నాకూ గేరు రాడ్డుకీ మధ్య ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సెమినారులో ఇలాంటి బొమ్మ ఏదీ చూపించలేదు.

ఈ ప్రయాణానికి ఒకటే సూత్రం, అది బాబాయి చెప్పాడు. పచ్చి కాయకి వాసన ఉండదు. పండడం మొదలయ్యాకే వాసన వస్తుంది. "బీర్‌గంజ్ దాకా మన ముక్కుకి ఏమీ తగలకూడదు. తగిలిందంటే మన టైమైపోయినట్టే," అన్నాడు. అప్పట్నించీ లారీ ఎక్కడ ఆగినా ఆయన దిగి, టార్పాలిన్ అంచు ఎత్తి, లోపలికి ముక్కు పెట్టి, తిరిగొచ్చి "ఏం లేదు" అని కూర్చునేవాడు.

చంద్రపూర్

మొదటి సరిహద్దు టీ తాగినంత సేపట్లో వచ్చేసింది. అటుపక్క తెలంగాణ. ఖమ్మం, వరంగల్ దాటేదాకా బాబాయి దారిలో కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదివాడు. ఎరువుల దుకాణాలు, కంటి ఆసుపత్రులు, ఫలానావారి ద్వితీయ కుమారుని పెళ్ళి ఫ్లెక్సీలు. అబ్బా మొదట్లో విసుక్కుని తర్వాత జవాబులివ్వడం మొదలుపెట్టాడు. చంద్రపూర్ దగ్గరకొచ్చేసరికి తెలుగు అయిపోయింది. బాబాయి కాసేపు కిటికీలోంచి అటూ ఇటూ చూసి, ముందు వెళ్ళే లారీల నంబర్లు చదవడం మొదలుపెట్టాడు.

ఇక్కణ్ణించి మాటల బాధ్యత నాది. మాది ముస్లిం కుటుంబమే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ పండక్కీ పెళ్ళికీ బయటికి వస్తుంది. చంద్రపూర్ దాబాలో నేను దాన్ని బయటికి తీసి, కూరలో నూనె తక్కువ కావాలనడానికి "తేల్ కమ్ హోనా" అన్నాను. వడ్డించే అతను నా వంక జాలిగా చూసి, ఏ దేశం నుంచి వచ్చారని అడిగాడు. అబ్బా నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగాడు. కూరలో నూనె మాత్రం తగ్గలేదు.

నాగపూర్

పొద్దున్నే టిఫినుకి ఆగాం. ఇక్కడ అటుకులు వండి, వాటి మీద ఎర్రటి శనగల పులుసు గరిటెతో పోసి ఇస్తారు. ప్లేటు ముప్పై రూపాయలు.

"అటుకుల ఉప్మా బాగానే ఉంది కదమ్మా," అన్నాడు బాబాయి ప్లేటు వంక చూస్తూ. "దీని మీద పులుసెందుకు పోసినట్టు?"

"తిని చూడండి బాబాయి."

తిన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుంటూరు పక్క జిల్లా మనిషికి కారంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయని ఇంటికెళ్ళాక ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. పేపర్లో రాయొద్దని మాత్రం తీసుకోలేదు.

పక్క బండి మీద ఒక పెద్దాయన బత్తాయిలు అమ్ముతున్నాడు. ఆయనకి ఊరి బయట తోట ఉందట. ఏ ధరకి ఇవ్వాలో ఎవరు చెబుతారని అడగమన్నాడు బాబాయి. అడిగాను. మండీలో దళారి చెబుతాడు, మిగిలిపోయినవి ఇలా తెచ్చి అమ్ముకుంటాను అన్నాడు పెద్దాయన. బాబాయి ఆ జవాబు విని తల ఊపి ఒక కిలో బత్తాయిలు కొన్నాడు. వాటిని ఎవరూ తినలేదు, అంత పుల్లగా ఉన్నాయి. ఆ పెద్దాయన వాటిని దళారికి అమ్మలేకపోయిన కారణం అదేనేమో.

నాగపూర్ దాటాక రోడ్డు అడవిలోంచి పోతుంది. పులులూ జింకలూ అటూ ఇటూ తిరగడానికి రోడ్డుని స్తంభాల మీద పైకెత్తి, కింద ఖాళీ వదిలారు. పక్కన శబ్దం తగలకుండా గోడలు కూడా కట్టారు.

"పులికి ఇంత చేశారా!" అన్నాడు బాబాయి. "మన యార్డులో రైతుకి తాగే నీళ్ళ కుళాయి కూడా లేదు మస్తానూ."

"పులిని తువ్వాలు కింద చెయ్యి పెట్టమను చూద్దాం," అన్నాడు అబ్బా.

లఖ్నాదోన్

ఇది మధ్యప్రదేశ్. ఇక్కడ వెనక టైరు పోయింది. ఊరికి కొంచెం ఇవతల, చెట్టూ చేమా లేని చోట, మధ్యాహ్నం దాటాక. పంక్చరు కొట్టు దగ్గర్లోనే ఉంది గానీ, కొట్టు మనిషి నమాజుకి వెళ్ళాడు. అబ్బా కూడా అటే వెళ్ళాడు, ఎలాగూ అతను రావాలి కదా అని. నేనూ బాబాయీ లారీ దగ్గర మిగిలాం.

గాలి ఆడాలని మా టార్పాలిన్ పక్కలకి కట్టలేదు, ఎండ ఒక పక్కనుంచి పెట్టెల మీద పడుతోంది. బాబాయి క్యాబిన్లోంచి గొడుగు తీసి, లారీ మెట్టు మీద నిలబడి, ఎండ పడే వైపు పట్టాడు. లారీ పొడవు ఎంతో, గొడుగు వెడల్పు ఎంతో నేను చెప్పనక్కర్లేదు. దిగమన్నాను. వినలేదు. చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చుకున్నాడు. దారిన పోయే లారీల వాళ్ళు హారన్లు కొట్టి మరీ చూసి వెళ్ళారు. నాకు సిగ్గేసి రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడ్డాను. అక్కణ్ణించి చూస్తే ఆయన గొడుగు నీడ రెండు పెట్టెల మీద పడుతోంది. ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేని మనిషి, చెయ్యగలిగింది అదొక్కటే. నేను వెళ్ళి నా చున్నీ పక్కన కట్టాను. ఇంకో పెట్టెకి నీడ వచ్చింది.

పంక్చరు అతను తిరిగొచ్చి మమ్మల్ని చూశాడు. కొట్టు వెనకనించి పాత టార్పాలిన్ ఒకటి లాక్కొచ్చి అబ్బా సాయంతో ఆ వైపంతా కప్పాడు. తర్వాత తీరిగ్గా టైరు విప్పాడు. టార్పాలిన్ ఉంచుకోండి, తిరిగొచ్చేటప్పుడు ఇవ్వండి అన్నాడు. మేము తిరిగి ఈ దారినే వస్తామని అతనికి ఎవరు చెప్పారో తెలీదు.

కాశీ బైపాసు

రీవా దాటి, ఘాట్ రోడ్డు దిగి, గంగ దాకా వచ్చాం. కాశీ ఎడమ పక్క ఉందని బోర్డు చూపించింది. లారీలని ఊళ్ళోకి పోనివ్వరు. పోనిచ్చినా మేము పోము, కాయ ఉంది.

"ఎటువైపమ్మా?" అని అడిగి, బాబాయి అటు తిరిగి క్యాబిన్లోంచే దండం పెట్టాడు. తర్వాత మా వైపు తిరిగాడు.

"పోన్లే, వెళ్ళకపోవడమే మంచిదైంది. కాశీకెళ్తే ఇష్టమైన కూరో పండో ఒకటి వదిలెయ్యాలి గదా. కాకరకాయ వదిలేద్దామంటే నాకది ముందే ఇష్టం లేదు, అది చెల్లదు. నాకిష్టమైంది మామిడిపండు. అది వదిలేసి నేనేం తోట చేస్తాను?"

"మా దగ్గర హజ్‌కెళ్తే ఏదీ వదలక్కర్లేదు," అన్నాడు అబ్బా. "బీడీ మానెయ్యమంటారు గానీ."

"నువ్వు మానేశావా?"

"నేనెళ్ళలేదుగా."

బీహార్లోకి వచ్చాక తిండి మళ్ళీ బాగుపడింది. గోధుమపిండి ఉండలో శనగల సత్తుపిండి పెట్టి నిప్పుల మీద కాలుస్తారు, వంకాయ పచ్చడితో తింటారు. నాలుగు ఉండలు నలభై రూపాయలు. వంకాయ కాల్చి పచ్చడి చేసే దేశంలో మనకి భయం లేదని బాబాయి తేల్చేశాడు. టీ మాత్రం మట్టి ముంతలో గుక్కెడు పోస్తారు. అబ్బా ఒకసారికి మూడు ముంతలు తాగి, మూడూ కలిపితే మన ఊళ్ళో ఒక టీ అన్నాడు. ఆగిన ప్రతిచోటా బాబాయి వెనక్కి వెళ్ళి ముక్కు పెట్టి వస్తున్నాడు. ఏం లేదు.

రక్సౌల్

భారతదేశం ఇక్కడ అయిపోతుంది. అయిపోవడానికి ముందు చాలా పెద్ద లారీల వరస ఉంటుంది. బియ్యం, ఇనుము, మందులు, ఉల్లిపాయలు, మా మామిడి.

తనిఖీ యార్డులో వంతు వచ్చేసరికి పొద్దెక్కింది. అన్ని కాయితాలూ ఒక ఫైల్లో వరసగా పెట్టుకుని, ఇస్త్రీ చేసిన సల్వార్ వేసుకుని వెళ్ళాను. రెండేళ్ళ చదువు ఈ కిటికీ కోసమే అనిపించింది. అక్కడున్న ఆఫీసరు నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో, మర్యాదస్తుడు. కాయితాలు చూసి, బాగా తయారుచేశారు మేడం అన్నాడు. తర్వాత లారీని తూకం మీదికి పంపాడు.

రెండు క్వింటాళ్ళకి పైగా ఎక్కువ వచ్చింది.

తూకం తప్పయి ఉంటుందన్నాను. మళ్ళీ తూచారు. అంతే వచ్చింది. పెట్టె ఒకటి దింపి తెరిచారు. నేను దగ్గరుండి పేర్పించిన కాయలన్నీ వరసగా ఉన్నాయి. వాటి పైన, మధ్యలో, తెలుగు పేపరు ముక్కలో చుట్టిన కాయ ఇంకొకటి ఉంది. ఇంకో పెట్టె తెరిచారు. అందులోనూ ఉంది. నేను బాబాయి వంక చూశాను.

"కొసరమ్మా," అన్నాడు.

"ఏంటి?"

"కొసరు. నువ్వు అన్నానికెళ్ళినప్పుడు పెట్టించాను. పది కిలోలంటే ఖచ్చితంగా పది కిలోలేనా? మన ఊళ్ళో పావుకిలో వంకాయలకే ఇంకో కాయ పడేస్తారే! దేశం కాని దేశానికి పంపిస్తూ కొసరు వెయ్యకపోతే, తెలుగోళ్ళు పిసినారులనుకోరూ?"

నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది. యార్డు మధ్యలో నిలబడి, అందరూ చూస్తుండగా, అబ్బా వయసు మనిషి మీద అరిచాను. కాయితంలో ఒకటి రాసి పెట్టెలో ఒకటి పెడితే దాన్ని దొంగ సరుకంటారని, మీ చేతులతో మీరే మీ నోట్లో మట్టి కొట్టుకున్నారని అన్నాను. ఆయన తల వంచుకుని విన్నాడు. అబ్బా నన్ను ఆపలేదు. తనూ ఆ పేపరు ముక్కల వంకే చూస్తున్నాడు.

తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి నా చదువు మొత్తం వాడాను. అదనపు కాయ శాంపిల్ అన్నాను. శాంపిల్‌కి వేరే కాయితం ఉండాలన్నాడు ఆఫీసరు. బహుమతి అన్నాను. ఎవరికి, పేరు చెప్పండి అన్నాడు. ప్యాకింగులో పొరపాటు అన్నాను. ప్రతి పెట్టెలోనూ ఒకేలాంటి పొరపాటు, పేపర్లో చుట్టి మరీ చేశారా అన్నాడు. నా దగ్గర ఇంగ్లీషు అయిపోయింది.

"మీ భాషలో ఏమంటారు దీన్ని?" అని అడిగాడు చివరికి. కూరగాయల బండి దగ్గర తూకం అయ్యాక పైన వేసే వంకాయ అని చెప్పాను.

"అరె, ఘలువా!" అన్నాడు. మొహం విప్పారింది. "మా అమ్మ ఘలువా లేకుండా బజారు నుంచి ఇంటికి రాదు." మళ్ళీ మొహం ముడుచుకుంది. "కానీ మేడం, కంప్యూటర్లో ఘలువాకి గడి లేదు."

రెండు దారులు చెప్పాడు. కాయితాలన్నీ కొత్తగా చేయించుకోవాలి, మధ్యలో సెలవు ఉంది కాబట్టి మూడో రోజుకి వస్తాయి. లేదా ప్రతి పెట్టే తెరిచి అదనపు కాయ తీసేసి, మళ్ళీ తూకం వేయించుకోవాలి. ఆయన చెప్పింది న్యాయమే. నేను ఆ కిటికీలో కూర్చున్నా అదే చెబుతాను.

ఏది చేద్దామని అడగడానికి వెనక్కి వస్తే, బాబాయి టార్పాలిన్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఈసారి ఏం లేదు అనలేదు. నేనూ దగ్గరికి వెళ్ళాను. సన్నగా, తియ్యగా తగిలింది.

పెట్టెలన్నీ దింపాం. ముగ్గురం ఒక్కొక్కటి విప్పి, కొసరు తీసి, మళ్ళీ టేపు వెయ్యడం మొదలుపెట్టాం. ఇలా అయితే సెలవే ముందు అయిపోయేలా ఉంది. వరసలో ఉన్న డ్రైవర్లు చూస్తూ చూస్తూ లేచి వచ్చారు. పంజాబ్ అతను ఒకడు, బెంగాలీలు ఇద్దరు, ఉల్లిపాయల లారీ మహారాష్ట్ర మనిషి. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. కొసరు కాయలు పక్కన గుట్టగా లేచాయి. అవి సరిహద్దు దాటడానికి లేదు. అక్కడి కొట్టువాడు ఒకడు వచ్చి గుట్ట మొత్తానికి బేరం అడిగాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు బాబాయి.

"కొంటాడట."

"కొసరు అమ్ముకుంటారా ఎవరైనా! తీసుకోమను," అని, గుట్టని డ్రైవర్లందరికీ పంచేశాడు. పచ్చి కాయలు, నాలుగైదు రోజులు గడ్డిలో పెట్టుకోవాలని చేతులతో చూపించాడు. కొట్టువాడికి కూడా ఇచ్చాడు. ఎండ దిగేసరికి తూకం కాయితంలో ఉన్నంతే వచ్చింది. నాతో మాత్రం ఆయన ఏమీ మాట్లాడలేదు.

బీర్‌గంజ్

సరిహద్దు దాటగానే గడియారం పదిహేను నిమిషాలు ముందుకి తిప్పుకోవాలి. అసలే ఆలస్యమైన వాళ్ళం, ఇంకో పావుగంట అక్కడే పోయింది. టీ నలభై రూపాయలనగానే బాబాయి గ్లాసు కింద పెట్టేశాడు. నేపాలీ రూపాయలని, మన లెక్కలో పాతిక అని చెప్పాక మళ్ళీ తీసుకున్నాడు.

నేపాల్లో కొట్టు నడిపే ఆడమనిషిని సాహునీ అంటారు. మా సాహునీకి యాభై ఏళ్ళుంటాయి. పళ్ళ గోడౌను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద పెద్ద పుస్తకం పెట్టుకుని కూర్చుంది. నమస్తే అన్నాక ఒక్క మాట కూడా అనకుండా కత్తి తెప్పించింది. తనకి నచ్చిన పెట్టెలు తానే ఎంచుకుంది, అడుగువి, మూలవి. కాయ కోసి, లోపలి రంగు చూసి, ముక్క నోట్లో పెట్టుకుని, బయట ఊసింది. మళ్ళీ ఇంకొకటి. బాబాయి ఆవిడ చేతివంకే చూస్తున్నాడు. అబ్బా బీడీ వెలిగించి, తాగకుండా పట్టుకున్నాడు. ఎండ తగిలిన వైపు పెట్టెల్లో కాయలు ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూసింది.

కొన్ని పెట్టెలు పక్కన పెట్టించింది. ఇవి పండడం మొదలైంది, రేపే అమ్మేసుకోవాలి అంది. మిగతావన్నీ గట్టిగానే ఉన్నాయి, మచ్చ లేదు అంది. తర్వాత ఒక పెట్టెని తక్కెడ మీద పెట్టింది. సరిగ్గా పది కిలోలు. నా వంక చూసింది.

"ఇంతేనా? పైన ఏమీ లేదా? ఇంత దూరం నుంచి వచ్చి మరీ ఇంత లెక్కా?"

బాబాయికి హిందీ రాదు. ఆ ప్రశ్న మాత్రం ఆయనకి నేను తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది. రక్సౌల్ తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూశాడు. ఏమీ అనలేదు. అనుంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

తప్పు నాది కాదు, కంప్యూటర్‌ది అని మొదలుపెట్టి, యార్డులో జరిగిందంతా సాహునీకి చెప్పాను. నా హిందీలో చెప్పడానికి చాలాసేపే పట్టింది. ఆవిడ నవ్వలేదు. డ్రైవర్లందరికీ పంచేశారా అని రెండోసారి అడిగి, బాబాయిని కింద నుంచి పైదాకా చూసింది. వచ్చే లోడు నుంచి కాయితంలోనే పదిన్నర కిలోలు రాయండి, డబ్బు పదికే ఇస్తాను అంది. మా కోర్సులో ఇలాంటి దానికి పేరు లేదు గానీ పద్ధతి దొరికింది.

"ఇక ఆయన్ని ధర చెప్పమను," అంది, పుస్తకం కొత్త పేజీ తిప్పి.

"ధర చెప్పమంటున్నారు బాబాయి."

"నన్నేనా?"

"మిమ్మల్నే. ఈ సీజనంతా మీరు చెప్పిందే."

ఆయన అబ్బా వంక చూశాడు. తర్వాత నా వంక. గొంతు సవరించుకున్నాడు. ఈ నాలుగు రోజుల్లో ధర గురించి ఆయన మాతో ఒక్క ముక్క అనలేదు. ఎంత చెబుతాడో మా ఇద్దరికీ తెలీదు.

"కిలో యాభై రెండు," అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే, నేను దగ్గరికి వంగి మళ్ళీ చెప్పించుకోవాల్సి వచ్చింది.

నేను మన రూపాయల్లో అని చేర్చి హిందీలో చెప్పాను. సాహునీ తల ఊపింది. "సరే."

"ఏమంది?"

"సరేనన్నారు బాబాయి."

"బేరమాడలేదా?"

"లేదు."

ఆయన ఆవిడ పుస్తకం వంక చూశాడు. "ఇంకోసారి అడగమ్మా," అన్నాడు.

అడిగాను. యాభై రెండు, సరే కదా అని. సరే అని చెప్పానుగా, అంది సాహునీ. ఆ మాట ఆయనకి చెప్పాను. వింటున్నప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకొక్కసారమ్మా," అన్నాడు.

మూడోసారి అడిగేసరికి సాహునీ కలం కింద పెట్టింది. బాబాయిని తేరిపార చూసింది. గట్టి మనిషే అని నిట్టూర్చి, వేళ్ళు చూపిస్తూ చెప్పింది.

"యాభై నాలుగు ఇస్తానంటున్నారు బాబాయి."

"ఎందుకూ?" అన్నాడు కంగారుగా.

"మీకు చాలలేదనుకుంటున్నారు."

"చాలలేదని ఎవరన్నారు? వద్దమ్మా, వద్దు. యాభై నాలుగు ఆవిడ చెప్పిన ధర. నేను చెప్పింది యాభై రెండు. యాభై రెండే రాయమను."

అబ్బా వెనకనించి నా మోచెయ్యి గట్టిగా గిల్లాడు, ఆ మాట హిందీలోకి మార్చొద్దని. రెండేళ్ళుగా నేను చదివిన పుస్తకాలన్నీ కూడా అబ్బా పక్షమే. నేను మార్చి చెప్పాను. సాహునీ యాభై రెండు రాసుకుంది.